చిల్లు అక్కడ, దారి ఇక్కడ

చిరంజీవి శ్రీనుకు,

పురానాపూల్‌లో ఫ్రిజ్‌ల పని బాగా పట్టుబడుతోందని, కంప్రెసర్ మార్చడం దాకా వచ్చావని మీ అమ్మ చెప్పింది. నువ్వు అడిగిన ప్రశ్న కూడా చెప్పింది: మనం వదిలే గ్యాస్‌తో ఓజోన్ పొరకు చిల్లు పడుతుందంటారు కదా, ఆ చిల్లు మన నెత్తిమీద ఉందా అని.

లేదు బిడ్డా. అది అంటార్కిటికా మీద ఉంది, ఏటా సెప్టెంబర్, అక్టోబర్‌లలో పెద్దదవుతుంది. అక్కడి హేలీ బే కేంద్రంలో బ్రిటిష్ వాళ్లు 1950ల నుంచి డాబ్సన్ యంత్రంతో ఓజోన్‌ను కొలుస్తూ వచ్చారు. మొదట్లో అక్టోబర్‌లో 300 డాబ్సన్ యూనిట్లు ఉండేది, 1984 నాటికి 200 కన్నా దిగువకు పడింది. యంత్రం చెడిందేమోనని మరో యంత్రం తెప్పించి చూసినా అదే లెక్క. జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ 1985 మేలో 'నేచర్' పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. అమెరికా ఉపగ్రహానికీ ఆ తక్కువ అంకెలు అందాయి గానీ, కంప్యూటర్ వాటిని అనుమానాస్పదమని గుర్తు పెట్టింది. తిరిగి పరిశీలిస్తే ఖండమంతా ఆ చిల్లు కిందే ఉందని తేలింది. 2006లో అది 2.9 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది, అంటే మన దేశానికి దాదాపు తొమ్మిదింతలు.

అక్కడే ఎందుకు? చలికాలపు చీకట్లో ఆ ఖండం చుట్టూ గాలి సుడి తిరుగుతూ లోపలి గాలిని బయటి గాలితో కలవనివ్వదు. మైనస్ 78 డిగ్రీలకు దిగువన మేఘాలు ఏర్పడి, వాటి మీద క్లోరిన్ చురుకైన రూపంలోకి మారుతుంది. వసంతంలో ఎండ తగలగానే ఓజోన్‌ను తినడం మొదలుపెడుతుంది.

ఆ క్లోరిన్ అక్కడికెలా చేరింది? నీకు నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే. ఎక్కడ వదిలిన గ్యాస్ అయినా ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కేది ప్రధానంగా ఉష్ణమండలం నుంచే, మన హైదరాబాద్ ఉన్న మండలం నుంచే. అందుకే 1980ల చివర్లో ఈసీఐఎల్ దగ్గరి టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి అహ్మదాబాద్, జర్మనీ శాస్త్రజ్ఞులు పెద్ద బెలూన్లు ఎగరేశారు. వాటికి కట్టిన గొట్టాలను ద్రవ నియాన్‌తో చల్లబరిచి, ఒక్కో ఎత్తులో ఒక్కోటి తెరిచి, అక్కడి గాలిని గడ్డకట్టించి కిందికి తెచ్చారు. ఆ గాలిలో ఫ్రిజ్‌లలో వాడిన, క్లోరిన్ ఉన్న సీఎఫ్‌సీ వాయువులు దొరికాయి. ఎత్తు పెరిగేకొద్దీ అవి తగ్గిపోతున్నాయి, ఎందుకంటే పైన అతినీలలోహిత కిరణాలు వాటిని విరగ్గొడుతున్నాయి. షెర్వుడ్ రోలండ్, మారియో మొలీనా 1974లో సరిగ్గా ఇదే జరుగుతుందని ఊహించారు. అప్పుడు విడిపడే క్లోరినే పైగాలులతో ధ్రువం దాకా చేరి ఓజోన్‌కు శత్రువవుతుంది. పాత కంప్రెసర్ల మీద ఆర్ 12 అని ముద్ర చూస్తుంటావు కదా, ఆ సీఎఫ్‌సీల్లో అదొకటి.

1987 మాంట్రియల్ ఒప్పందం వాటికి అడ్డుకట్ట వేసింది. మన దేశం 2008లో వాటి తయారీని దాదాపుగా ఆపేసింది. బదులుగా వచ్చిన ఆర్ 134ఎ తయారీ పద్ధతిని విదేశీ కంపెనీలు దగ్గర పెట్టుకుంటే, తార్నాకలోని ఐఐసీటీ పరిశోధన సంస్థ దాన్ని సొంతంగా సాధించింది. ఆ పని మన ఊరికి గర్వకారణమని నా నమ్మకం. ఈ గ్యాస్ ఓజోన్‌ను ముట్టదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డై ఆక్సైడ్ కన్నా వెయ్యింతలకు పైగా బలమైనది.

చిల్లు మూసుకుంటోంది. 2066 ప్రాంతానికి అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి చేరుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అప్పటికి నీకు మనవళ్లుంటారు.

కాబట్టి ఫ్రిజ్ రిపేరుకు వచ్చినప్పుడు పైపు కోసి గ్యాస్ గాల్లోకి వదలకు. రికవరీ మెషిన్ పెట్టి సిలిండర్‌లోకి లాగు, ఏ గ్యాస్ ఏ సిలిండర్‌లో ఉందో రాసి పెట్టుకో, రెండింటినీ కలపకు. మెషిన్ లేకపోతే ఒకటి కొనమని మీ ఉస్తాద్‌ను మర్యాదగా అడుగు.

ఇట్లు,
మీ పెద్దనాన్న