ఆరోగ్య పాఠము: రోగికి బ్రెడ్డు టోస్టు – ఇంట్లో చేసుకొనే పద్ధతులు



జ్వరము అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట, "అన్నం పెట్టొద్దు, బ్రెడ్డు తెప్పించండి." మహానంది చుట్టుపక్కల పల్లెలలో రొట్టె అంటే జొన్నరొట్టే. బ్రెడ్డు ఇంట్లోకి వచ్చేది ఎవరికైనా ఒంట్లో బాగా లేనప్పుడే. రోగిని చూడడానికి వచ్చేవారు కూడా మన తోటల అరటిపండ్లతో పాటు ఒక బ్రెడ్డు ప్యాకెట్టు తెస్తారు. అందువలన చాలామంది దానిని ఆహారము అనుకోరు, మందు అనుకొంటారు.

కొంతకాలము క్రిందట, టైఫాయిడు తగ్గి ఇంటికి వెళ్లిన పదేళ్ల పిల్లవాడిని తల్లి మరల మా వద్దకు తీసుకొని వచ్చింది. జ్వరము లేదు. అయినా బిడ్డ లేచి నిలబడలేకపోతున్నాడు. ఏమి పెడుతున్నావమ్మా అని అడిగితే, "మీరు చెప్పినట్లే సిస్టరమ్మా, మూడు వారాలుగా బ్రెడ్డు, టీ తప్ప ఇంకేం పెట్టలేదు" అన్నది. నంద్యాల పోయేవారి చేత డబ్బిచ్చి బ్రెడ్డు తెప్పించిందట. ఇంట్లో బియ్యము, కందిపప్పు, కోడిగుడ్లు ఉన్నాయి. తప్పు ఆమెది కాదు. "బ్రెడ్డులాంటి మెత్తనివి పెట్టండి" అని పంపిన మేము, ఎన్నాళ్లు పెట్టాలో, ఇంకా ఏమేమి పెట్టవచ్చునో చెప్పలేదు. ఆ లోటు తీర్చుకొనుటకే ఈ పాఠము.

బ్రెడ్డులో ఏమున్నది?

మామూలు తెల్ల బ్రెడ్డు మైదాతో చేస్తారు. సుమారు 25 గ్రాముల ముక్కలో 65 కేలరీల శక్తి, 2 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రోజుకు ఎనిమిది ముక్కలు తిన్నా 500 కేలరీలకు కొంచెమే ఎక్కువ. పదేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 2,000 కేలరీలు కావాలి. జ్వరములో శరీరము ఇంకా ఎక్కువ ఖర్చు చేస్తుంది. మెత్తగా ఉడికిన అన్నము, పప్పు, ఉడికించిన గుడ్డు, పెరుగు జ్వరములో కూడా పెట్టవచ్చు. బ్రెడ్డు వాటికి తోడు మాత్రమే.

టోస్టు చేసే పద్ధతులు

1. పెనము మీద: పొడి పెనమును సన్నని మంట మీద వేడి చేసి, ముక్కను ఒక్కొక్క వైపు ఒకటి రెండు నిమిషాలు ఉంచి, అట్లకాడతో మెల్లగా నొక్కాలి. నోరు చేదుగా ఉండి, వికారముగా ఉన్నవారికి ఇది బాగుంటుంది.

2. నిప్పుల మీద: కట్టెల పొయ్యి ఉన్నవారు మంట ఆరిన తరువాత ఎర్రని నిప్పుల పైన ఇనుప జాలీ పెట్టి కాల్చుకోవచ్చు. పొగ, మంట ముక్కకు తగలకూడదు.

3. నెయ్యితో: ఒక చెంచా నెయ్యి రాసి కాల్చితే బలము పెరుగుతుంది. కోలుకొంటున్న పిల్లలకు మంచిది. విరేచనాలు అవుతున్నప్పుడు వద్దు.

4. గుడ్డుతో: ఒక గుడ్డును కొంచెము పాలు, చిటికెడు ఉప్పుతో గిలకొట్టి, ముక్కను ముంచి, పెనము మీద గుడ్డు పూర్తిగా ఉడికేవరకు కాల్చాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అన్నిటికంటే మేము ఎక్కువగా చెప్పేది ఇదే.

5. జొన్నరొట్టెతో: మిగిలిన రొట్టెను సన్నని మంట మీద కరకరలాడేవరకు మరల కాల్చి పప్పుతో తినవచ్చు. షుగరు ఉన్నవారికి మైదా బ్రెడ్డు కంటే ఇది మేలు. టైఫాయిడు రోగికి మాత్రము ప్రేగులు మానేవరకు గట్టి పదార్థాలు వద్దు. వారికి టోస్టు కూడా పాలలోనో పప్పుకట్టులోనో నానబెట్టి పెట్టండి.

జాగ్రత్తలు

* టోస్టు చేస్తే పోయేది నీరు మాత్రమే, పిండిపదార్థము పోదు. షుగరు ఉన్నవారు "కాల్చిందే కదా" అని లెక్క లేకుండా తినకూడదు. చక్కెర వేసిన పాలు, టీ దానికి తోడైతే షుగరు ఇంకా పెరుగుతుంది.

* బంగారు రంగు రాగానే తీసివేయండి. నల్లగా మాడితే ఆక్రిలమైడు అనే పదార్థము ఎక్కువగా తయారవుతుంది. ఆహారములో ఇది ఉన్నట్లు 2002లో స్వీడను శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఎక్కువ మోతాదులో ఇది జంతువులకు క్యాన్సరు కలిగించింది. భయపడనక్కరలేదు గాని మాడిన భాగము తినవద్దు.

* ఒక ముక్కకు బూజు పట్టినా ప్యాకెట్టంతా పారవేయండి. కంటికి కనబడని బూజు లోపలికి పాకి ఉంటుంది. కాల్చినందువలన దాని విషము పోదు.

* బ్రెడ్డులో పొటాషియం బ్రోమేటు వాడకాన్ని మన దేశములో 2016లో నిషేధించారు. ప్యాకెట్టు మీద తేదీ, లోపల కలిపిన పదార్థాలు చదివి కొనండి.

* కరెంటు టోస్టరులో ముక్క ఇరుక్కుంటే ప్లగ్గు తీసిన తరువాతనే ముట్టుకోండి. చెంచా, కత్తి పెట్టవద్దు.

* విరేచనాలకు బ్రెడ్డు మందు కాదు. ముందు ఓఆర్ఎస్ ద్రావణము త్రాగించండి.

ఆ పిల్లవాడికి మెత్తని అన్నము, పప్పు, గుడ్డు టోస్టు మొదలుపెట్టించాము. రెండు వారాల తరువాత తల్లి చేయి విడిపించుకొని తానే నడిచి వచ్చాడు.

ఏలీయా అలసి బదరీవృక్షము క్రింద పడుకొన్నప్పుడు దేవదూత అతనికి నిప్పుల మీద కాల్చిన అప్పమును, నీళ్లను ఇచ్చిన సంగతి 1 రాజులు 19వ అధ్యాయములో చదువుతాము. ఒకసారి తిని పడుకొన్నవానిని మరల లేపి, ముందున్న ప్రయాణము కొరకు మరల తినమన్నాడు. రోగముతో బలహీనపడినవారికి కూడా ముందు ప్రయాణము ఉన్నది. వారికి కడుపునిండా పెట్టండి. ఏమి పెట్టాలో సందేహము ఉంటే, ఇంటికి వెళ్లే ముందే మా నర్సులను అడగండి. మేము చెప్పడము మరచిపోతే మీరే గుర్తు చేయండి.

దేవుడు మీ ఇంటివారందరికీ ఆరోగ్యము దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంటు