సందేహాలు - సమాధానాలు: దూరం పోయే బండికి వయసెంత?

ఈసారి బైకుల గురించి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వయసు చుట్టూ తిరిగినవే. వాటిలో కొన్నిటికి జవాబులు ఇవి.

*

*సింగరేణిల పని చేసి దిగిన. 61 నిండినయి. ఇన్నేండ్లు డ్యూటీకి సీడీ 100, ఆ తర్వాత స్ప్లెండర్ నడిపిన. ఇప్పుడు చేతిల పైసలున్నయి, తీరిక ఉన్నది. స్పోర్ట్ టూరింగ్ బండి కొని నాగ్‌పూర్ దాకా, ఇంకా పైకి పోవాలని ఆశ. కొడుకులు ‘గది పోరగాళ్ల బండి నాయినా’ అని నవ్వుతున్నరు. నా వయసోళ్లు కొనొచ్చునా?*
– ఒక పాఠకుడు, గోదావరిఖని

కొనొచ్చు. మీ కొడుకులు బండి ముఖం చూసి పొరబడ్డారు. ముందు ఫెయిరింగ్ సూదిగా ఉంటే మనవాళ్లకు ప్రతిదీ రేసు బండే. ఎక్కి కూర్చుంటే తేడా తెలుస్తుంది. రేసు బండి మీద నడుం వంగి, ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. స్పోర్ట్ టూరింగ్‌లో హ్యాండిల్ కాస్త పైకి ఉంటుంది, ఫుట్‌రెస్టులు కొద్దిగానే వెనక్కి ఉంటాయి. ఛాతీకి గాలి కొట్టకుండా అద్దం, పెద్ద ట్యాంకు, సంచులు తగిలించుకునే వీలు ఉంటాయి. ఈ జాతికి మూలపురుషుడిగా చాలామంది చెప్పేది 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 100 ఆర్ఎస్. గాలి సొరంగంలో పెట్టి పరీక్షించి దాని ఫెయిరింగ్‌ను మలిచారు. రోజంతా వేగంగా పోయినా మనిషి అలిసిపోకూడదన్నది ఉద్దేశం. అలసట గురించి ముందే ఆలోచించేది ఏ వయసువాళ్లో మీకు నేను చెప్పనక్కర్లేదు.

బయటి దేశాల్లో ఇది నెరిసిన తలల బండే. అమెరికాలో మోటార్‌సైకిల్ పరిశ్రమ మండలి 2018లో సర్వే చేస్తే బైకు యజమానుల మధ్యస్థ వయసు 50 అని తేలింది. జపాన్‌లో కొత్త బైకులు కొనేవాళ్ల సగటు వయసు 50 ఎప్పుడో దాటింది. అక్కడ కుర్రతనంలో నడిపి, పెళ్లితో మానేసి, పిల్లలు ఎదిగాక మళ్లీ హ్యాండిల్ పట్టేవాళ్లు ఒక పెద్ద వర్గం.

ఇక మీ ఒంటి సంగతి. మొదట బరువు. స్ప్లెండర్ 110 కిలోల చుట్టుపక్కలే. మీరు చూసే బండ్లు 170 నుంచి 190 కిలోలు, అంటే నాలుగు వడ్ల బస్తాల పైమాట. నడుస్తున్నప్పుడు ఈ బరువు తెలియదు. పెట్రోలు బంకులో వెనక్కి నెట్టేటప్పుడు, వాలులో స్టాండు తీసేటప్పుడు తెలుస్తుంది. కొనేముందు షోరూమువాళ్లను అడిగి, ఇంజను ఆపి, బండిని పది అడుగులు వెనక్కి మీరే నెట్టి చూడండి. మోకాలు వద్దంటే ఆ మాట వినండి.

రెండోది చేతులు. గంట నడిపాక బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మణికట్టు మధ్యలో పోయే నరం నలుగుతోందని అర్థం. చిటికెన వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున ఒత్తిడి పడుతోందన్నమాట. రెండింటికీ మొదటి వైద్యం ఒకటే: ట్యాంకును మోకాళ్లతో గట్టిగా పట్టి, మోచేతులు వదులుగా ఉంచడం. బరువు తొడలు మోయాలి, అరచేతులు కాదు. డ్యూటీ బండి మీద ఈ అలవాటు ఎవరికీ రాదు, కొత్తగా నేర్చుకోవాలి. అప్పటికీ తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

మూడోది కళ్లు. అరవైలో కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవైలో చేరేదానిలో దాదాపు మూడో వంతే. శుక్లం మొదలైతే ఎదుటి లారీ లైటు కళ్లలో పగిలి పరుచుకుంటుంది. అందుకే రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. బ్రేకు మీదికి చేయి అర సెకను ఆలస్యమైతే 14 మీటర్లు ముందుకు పోయినట్టే. వయసుకు తగ్గ వేగం అంటే ఈ లెక్కే, ఇందులో పౌరుషం ఏమీ లేదు.

బీపీకో షుగరుకో మందులు వాడుతుంటే ఒక మాట. పెద్దవయసులో ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం అంతగా వేయదు. రామగుండం ఎండ మీకు కొత్త కాదు, కానీ జాకెట్టు వేసుకుని ఆ ఎండలో గంటలకొద్దీ కూర్చోవడం కొత్తే. మార్చి దాటాక పొద్దున పదింటికల్లా ఆగిపోయేలా చూసుకోండి. షుగరువాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గితే వెనక బ్రేకు ఎంత నొక్కుతున్నారో తెలియదు. డాక్టరును ఈ ప్రశ్న సూటిగా అడగండి.

నాగ్‌పూర్ సంగతి తర్వాత. ముందు రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దాకా పోయి రండి. అది ఒంటికి కుదిరాక లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు. అది కవ్వాల్ పులుల అభయారణ్యం దారి. మలుపు తిరగ్గానే జింకో పశువుల మందో ఎదురు కావచ్చు. అప్పటికి బండి చేతికి వచ్చేస్తుంది. ఆ తర్వాత నిర్మల్ దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి, ఆదిలాబాద్ దాటి, పెన్‌గంగ వంతెన మీదుగా పోతే నాగ్‌పూర్ మీకు దూరం అనిపించదు.

*

*మీరేమో పెద్దోళ్ల బండి అంటరు. నాకు 24. మా దగ్గర అసొంటి బండ్ల మీద కనబడేది అందరు నా ఈడోళ్లే. ఏది నిజం?*
– ఒక పాఠకుడు, మంచిర్యాల

రెండూ నిజమే. అమెరికా, జపాన్‌లలో స్పోర్ట్ టూరింగ్ అంటే లీటరు ఇంజను. మన దగ్గర కవాసాకి నింజా 1000 ఎస్ఎక్స్ లాంటిది పది లక్షలు దాటేది, బరువు 230 కిలోల పైనే. ఆ సొమ్ము పోగయ్యేసరికి ఎవరికైనా జుట్టు నెరుస్తుంది. మన దేశంలో ఈ కోరికను చిన్న ఇంజను తీర్చింది. 2003లో హీరో హోండా కరిజ్మా వచ్చింది: 223 సీసీ, సగం ఫెయిరింగ్, నిటారుగా కూర్చునే వీలు. ఎవరూ ఆ పేరుతో పిలవలేదు గానీ, మనకు అందుబాటులోకి వచ్చిన తొలి స్పోర్ట్ టూరింగ్ బండి అదేనని నా లెక్క. తర్వాత 2011లో హోండా సీబీఆర్ 250 ఆర్, 2016 చివర్లో 373 సీసీ బజాజ్ డామినార్ 400, మరుసటి ఏడాది టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310. ధర దిగినకొద్దీ వయసూ దిగింది.

ఇంకో గుంపును మీరు గమనించలేదేమో. 2003లో ఇరవై ఏళ్ల వయసులో కరిజ్మా కోసం ఇంట్లో అలిగి, దొరక్క, దుబాయ్‌కో మస్కట్‌కో పోయినవాళ్లు ఇప్పుడు నలభై దాటారు. కొందరు తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నాక ఆ పాత కోరిక తీర్చుకుంటున్నారు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు హైవే టీకొట్ల దగ్గర ఆదివారం పొద్దున నిలబడి చూడండి.

నన్నడిగితే ఈ బండి వయసు పుట్టినతేదీతో మొదలు కాదు. బండిని ఊళ్లో చూపించుకోవడం తగ్గి, ఇంకో జిల్లాకు నడపాలనిపించిన రోజున మొదలవుతుంది. కొందరికది 24లోనే వస్తుంది, కొందరికి అసలు రాదు.

ధర గురించి ఒక ముక్క: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండికి జీఎస్టీ 40 శాతం, ఆ లోపు 18 శాతం. మొదటి బండికి గీత లోపలే ఉండండి. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, గ్లౌజులు, బూట్లు వస్తాయి.

*

*నా కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. 17 ఏండ్లు. దుబాయ్‌ల ఉన్న వాళ్ల నాయిన పైసలు పంపుతున్నడు, పెద్ద బండి కొనియ్యమని నా మీద ఒత్తిడి.*
– ఒక తల్లి, జగిత్యాల

వద్దమ్మా. 18 నిండనిదే గేరు బండికి లైసెన్సు రాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షను ప్రకారం మైనరు నేరానికి తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. దుబాయ్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు మాటలూ ఆయనకు చదివి వినిపించండి.

*

*వయసు 38, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. లెక్చరర్‌ని. వేములవాడ, ధర్మపురి, కుంటాల ఇలా ఒంటరిగా తిరగాలని ఉంది. సీటు ఎత్తు భయపెడుతోంది.*
– ఒక పాఠకురాలు, కరీంనగర్

డామినార్ సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, అపాచీ ఆర్ఆర్ 310ది 810, అడ్వెంచర్ రకం హిమాలయన్ 450ది 825. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలన్న పట్టింపు వదిలేయండి. ఆగేటప్పుడు నడుమును కాస్త ఎడమకు జరిపి ఎడమ పాదం ఒక్కటి పూర్తిగా ఆనించండి, కుడి పాదం బ్రేకు మీద ఉండాలి. ఖాళీ మైదానంలో ఒక పూట సాధన చేస్తే ఒంటికి పడుతుంది. బండి ముక్కు పల్లానికి పెట్టి ఎప్పుడూ పార్క్ చేయకండి, వెనక్కి లాగలేరు. సస్పెన్షన్ కోయించి ఎత్తు తగ్గించమనే మెకానిక్ సలహా వినకండి, మలుపుల్లో నడక పాడవుతుంది.

కుంటాలకు నేరడిగొండ దాకా హైవే బాగుంటుంది. కెరమెరి ఘాట్, జోడేఘాట్ లాంటి లోపలి దారులే ఎక్కువ తిరుగుతారనుకుంటే స్పోర్ట్ టూరింగ్ కన్నా అడ్వెంచర్ బండి మేలు. ఉమ్మడి ఆదిలాబాద్ రోడ్లకు నా ఓటు దానికే.

*

*నాకు 56. లైసెన్సు గడువు అయిపోవచ్చింది. ఈ వయసులో పెద్ద బండికి మళ్లీ ఇస్తారా?*
– ఒక పాఠకుడు, నిర్మల్

ఇస్తారు. లైసెన్సుకు పై వయసు పరిమితి లేదు, గేరు బండి లైసెన్సులో సీసీల తేడా కూడా లేదు. 40 దాటినవాళ్లు ఫారం 1ఏ మీద డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. 55 దాటాక రెన్యువల్ అయిదేళ్లకోసారి. గడువు ముగిసి ఏడాది దాటితే డ్రైవింగ్ టెస్టు మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి ఈ నెలలోనే ఆర్టీఏ పని ముగించుకోండి.