ఆనవాలు

ప్రతి ఫోనుకూ తయారీలోనే 48 బిట్ల హార్డువేర్ చిరునామా ఒకటి ఏర్పడుతుంది. గుంటూరు మిర్చి యార్డులోనూ, ఒంగోలు రైల్వేస్టేషన్లోనూ ఫోను ఒకే చిరునామాను చాటితే దాని యజమాని సంచారమంతా అపరిచితులకు తెలియగలదు. అందుకే 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 నెట్‌వర్కుకొక కల్పిత చిరునామాను చూపసాగాయి.

చిరునామానుబట్టి అతిథిని గుర్తించే నెట్‌వర్కులకు చిక్కు వచ్చిపడింది. ఒకచోట పరిచితమైన ఫోను మరొకచోట కొత్తదే. మరల ఫోను నెంబరు, మరల ఓటీపీ!

రూపం మారితే ఆనవాలు ఏది? భిక్షువు వేషాన్ని నమ్మి మోసపోయిన సీత, అశోకవనంలో హనుమంతుని రూపాన్ని శంకించింది. రాముని ముద్రికతో ఆమె సందేహం తీరింది. విశ్వవిద్యాలయాల ఎడ్యురోమ్ విధానంలో ముద్రిక వంటిది మాతృసంస్థ ఇచ్చిన గుర్తింపు. ఆతిథ్యమిచ్చే నెట్‌వర్కు దానిని తాను విప్పిచూడదు. గుప్తంగా మాతృసంస్థకు పంపి, అనుమతి రాగానే ద్వారం తెరుస్తుంది. అంతకుముందే ఫోను మాతృసంస్థ సర్వరు ధ్రువపత్రాన్ని పరీక్షించాలి. విసుగుతో ఈ పరీక్షను మానివేసే విద్యార్థులు అనేకులు. వారి పాస్‌వర్డు దొంగ నెట్‌వర్కుకు చిక్కగలదు.

భారతదేశంలో ఎడ్యురోమ్‌ను ఎర్నెట్ సంస్థ నిర్వహిస్తున్నది. ఇందులో చేరిన విద్యాసంస్థ విద్యార్థి ఐరోపాలోని సభ్య విశ్వవిద్యాలయంలో సైతం తన పాత పాస్‌వర్డుతోనే ప్రవేశించవచ్చు, ఫోను చిరునామా ఎన్నిమార్లు మారినా సరే.