యార్డు నుంచి ఇంటికొచ్చేలోగా డబ్బు ఎక్కడ జారుతోంది?

పైరుకు పురుగు పడితే ఆకు తిప్పి చూస్తాం. అది ఏ పురుగో తెలుసుకుని మందు కొడతాం. చేతికొచ్చిన డబ్బు నిలవకపోతే మాత్రం "మన రాత ఇంతే" అనుకుని ఊరుకుంటాం. వానలు, ధరలు మన చేతిలో లేని మాట నిజమే. అయితే కొంత డబ్బు మన ఆలోచనలోని పొరపాట్ల వల్ల కూడా జారిపోతుంది. ఇవి చదువు లేనివారే చేసే పొరపాట్లు కావు, అందరూ చేసేవే. వీటిని పరిశోధించినందుకు డేనియల్ కానెమన్‌కు 2002లో, రిచర్డ్ థాలర్‌కు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు పనికొచ్చే నాలుగు విషయాలను ఈ వారం చూద్దాం.

1. నిరుటి ధర మనసులో పాతుకుపోవడం

2022 ఆరంభంలో ఆదోని యార్డులో పత్తి క్వింటాలు 10 వేల రూపాయలు దాటింది. ఆ అంకె అందరి మనసులో నాటుకుపోయింది. తరువాతి సీజనులో "పది వేలు వస్తేనే అమ్ముతా" అని చాలామంది పత్తిని ఇంట్లోనే ఉంచారు. ఆ ధర రాలేదు. 2023 వేసవికి ఇంకా దిగింది.

ఒకసారి విన్న ధర కంటే తక్కువకు అమ్మాలంటే మనసుకు నష్టంగా తోస్తుంది. వంద రూపాయలు వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధ దాదాపు రెండింతలు ఉంటుందని కానెమన్ చెప్పాడు. అందుకే లెక్క మాని మొండికేస్తాం.

లెక్క ఇలా వేయాలి. మీ దగ్గర 10 క్వింటాళ్ళ పత్తి ఉంది. ఈరోజు ధర 7,500 అనుకుందాం. మొత్తం 75 వేలు. మీకు అంతే అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఉంటే నెలకు 1,500 పెరుగుతుంది. మూడు నెలలు ఆపితే 4,500. అంటే క్వింటాలుకు 450 రూపాయలు ధర పెరిగితేనే మీరు ఇప్పుడున్న చోట ఉంటారు. పత్తి ఆరి తూకం తగ్గేది దీనికి అదనం. కనుక అప్పు తీరేంత సరుకు ముందు అమ్మండి. మిగిలింది ఏ తేదీ దాకా ఆపుతారో కాగితం మీద రాసుకోండి. ఆ తేదీ వస్తే ధర ఎంతున్నా అమ్మేయాలి.

2. ఎండిన బోరు వెంట పరుగు

రెండు బోర్లు వేశారు, నీళ్ళు పడలేదు. లక్షన్నర పోయింది. "ఇంత పెట్టి ఇప్పుడు వదిలేస్తామా?" అని అప్పు తెచ్చి మూడో బోరు వేస్తారు. మన ప్రాంతంలో ఎన్ని కుటుంబాలు ఇలా మునిగాయో మీకు తెలుసు. పోయిన డబ్బు మూడో బోరు వేసినా రాదు, వేయకపోయినా రాదు. దాన్ని లెక్కలోకి తేకూడదు. ఒక్క ప్రశ్న వేసుకోండి: "నేను ఇంతవరకు ఒక్క బోరూ వేయలేదు అనుకుంటే, ఈ నేలలో ఈ లక్ష పెడతానా?" పెట్టను అని మనసు చెబితే ఆగండి. పక్కింటి బోరులో నీళ్ళు పడ్డాయని మన బోరులోనూ పడతాయన్న హామీ లేదు.

3. "నూటికి రెండే కదా!"

నెల లెక్కన చెబితే వడ్డీ చిన్నగా కనిపిస్తుంది. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. మూడు అంటే 36. జులైలో 30 వేల రూపాయల ఎరువులు, మందులు నూటికి రెండు లెక్కన ఉద్దర తెచ్చి డిసెంబరు ఆఖరున కట్టారనుకోండి. ఆరు నెలలకు వడ్డీ 3,600. పత్తి ధర 7 వేలుంటే అర క్వింటాలు పత్తి దానికే పోయినట్టు. అదే బ్యాంకు పంట రుణమైతే 7 శాతం మీద 1,050. గడువులోగా కట్టి రాయితీ పొందితే 4 శాతం మీద 600 రూపాయలే. బ్యాంకుకు రెండుసార్లు తిరగడం విసుగే. ఆ తిరుగుడుకు దొరికే కూలి 3 వేలు అనుకోండి.

4. చేతిలో డబ్బున్నప్పుడే విత్తనం డబ్బు కట్టాలి

సరుకు అమ్మిన డబ్బు చేతిలో ఉండగా పుష్య మాసంలో ఎమ్మిగనూరు జాతర వస్తుంది. పెళ్ళిళ్ళు, పాత బాకీలు కూడా అప్పుడే. జూన్ నాటికి చెయ్యి ఖాళీ. మళ్ళీ ఉద్దర, లేకపోతే సుగ్గికి పోవడం.

కెన్యా దేశంలో మొక్కజొన్న రైతులకూ ఇదే తిప్పలు. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అక్కడ ఒక ప్రయోగం చేసి 2011లో ప్రకటించారు. కోత అయిన వెంటనే ఎరువుకు డబ్బు కట్టించుకుని, అదును వచ్చినప్పుడు ఉచితంగా ఇంటికి చేర్చారు. ఎరువు వాడే రైతులు బాగా పెరిగారు. తరువాత ఇచ్చే పెద్ద రాయితీ చేసేంత పని, ముందుగా ఇచ్చిన ఈ చిన్న సౌకర్యం చేసింది.

మనం చేయగలిగింది ఇది: సరుకు అమ్మిన వారంలోగా, వచ్చే ఖరీఫ్ విత్తనాలు, ఎరువుల కోసం కొంత పక్కకు తీసి, జూన్‌లో చేతికొచ్చేలా బ్యాంకులో డిపాజిట్ వేయండి. పాస్‌బుక్కు మీద "విత్తనం డబ్బు" అని రాయండి. పేరు పెట్టిన డబ్బును తీయడానికి చెయ్యి రాదు. అది మనిషి గుణం.

ఇరుకులో నిర్ణయం వద్దు

తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్షించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. అదే మనిషి, డబ్బు ఇరుకులో ఉన్నప్పుడు ఆలోచనలో వెనకబడ్డాడు. చేతిలో డబ్బు పడ్డాక బాగా ఆలోచించాడు. తప్పు తెలివిది కాదు, ఇరుకుది. కనుక అప్పు, బోరు, కౌలు వంటి పెద్ద నిర్ణయాలను పంట డబ్బు చేతిలో ఉన్నప్పుడు, ఇంట్లో ఆడవాళ్ళతో కూర్చుని తీసుకోండి. ఇరుకులో ఎవరైనా కాగితం మీద సంతకం అడిగితే, "రేపు చెబుతా" అనండి. ఒక రాత్రి ఆగితే పోయేది ఏమీ లేదు.

ఈ వారం మీరు చేయవలసిన పని: మీ బాకీలన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతి దాని పక్కన ఏడాది వడ్డీ ఎంత శాతమో వేయండి. అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్నదాని చుట్టూ గీత గీయండి. ఈసారి యార్డు డబ్బు ముందు దానికే పోవాలి.