ఎండలో దువ్వెన, వంచిన స్టీలు రేకు

మోమిన్‌పేట్‌లో పదో తరగతికి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. వక్రతలాల మీద కాంతి పరావర్తనం పిల్లల తలకెందుకు ఎక్కదని కొత్త సార్లు, టీచరమ్మలు అడుగుతుంటారు. నా అనుభవంలో తేలింది ఇది.

1. సూత్రం కన్నా ముందు లంబం చూపించండి. వంపు అద్దానికి వేరే నియమమేదీ లేదు. పతన కోణం, పరావర్తన కోణం ఎప్పుడూ సమానమే. మారేది లంబం దిశ. గోళాకార దర్పణం మీద ఎక్కడ లంబం గీసినా అది వక్రతా కేంద్రం గుండానే పోతుంది. ఇది పట్టుబడితే పటాలు పిల్లలే గీస్తారు.

2. సాయంత్రం నీడలు సాగాక తెల్ల కాగితం నేల మీద పరిచి, దువ్వెనను పళ్లు కిందికి వచ్చేలా నిలబెట్టండి. ఎండ గీతలు గీతలుగా పడుతుంది. వాటికెదురుగా విల్లులా వంచిన మెరిసే స్టీలు రేకు పెట్టండి. తిరిగొచ్చే గీతలు కలిసే చోటే నాభి. వక్రతా వ్యాసార్థంలో సగం దూరం. వంగి చూస్తే అంచు గీతలు రేకుకు మరింత దగ్గరగా కలుస్తాయి. “తప్పొచ్చింది సార్” అంటారు పిల్లలు. తప్పు కాదు, సగం అనే లెక్క అక్షానికి దగ్గరి కిరణాలకే వర్తిస్తుంది. అందుకే పెద్ద దూరదర్శినుల అద్దాన్ని సాధారణంగా పరావలయంగా చెక్కుతారు. ఇబ్రహీంపట్నం దగ్గరి జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి 48 అంగుళాల దూరదర్శిని ఉంది, 1968 నాటిది. వీలైతే దాని గురించి చెప్పండి. పిల్లల కళ్లు పెద్దవవుతాయి.

3. ఒకప్పుడు రాత్రి కరెంటుకు బావి కాడికి పోయిన రైతు చేతిలోని పాత బ్యాటరీ లైటు కూడా పాఠమే. మూతి తిప్పుతుంటే బల్బు నాభి దగ్గరికొచ్చినప్పుడు వెలుగు సన్నగా, దూరంగా పోతుంది.

4. జాగ్రత్త. ఎండకు పెట్టిన పుటాకార దర్పణం నాభి దగ్గర పడేది చుక్క కాదు, సూర్యుడి ప్రతిబింబం. 20 సెంటీమీటర్ల నాభ్యంతరానికి అది సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. అద్దం వెడల్పైతే కాగితం అంటుకుంటుంది. కళ్లు అటు పెట్టనివ్వొద్దు.

5. కుంభాకార దర్పణాన్ని బోర్డు మీద గీసి వదిలేయకండి. బండి పక్క అద్దం ఎక్కువ రోడ్డు చూపిస్తుంది, కానీ లారీని చిన్నదిగా చూపిస్తుంది. చిన్నగా ఉంది కాబట్టి దూరంగా ఉందనుకుంటాం. అనంతగిరి మలుపుల్లో ఆ పొరపాటు ప్రాణం మీదికొస్తుంది. పాఠం చెప్పిన రోజే పిల్లల్ని బడి ముందు ఆగిన బండి దగ్గరికి తీసుకుపోయి, ఆ అద్దంలో ఒకసారి, వెనక్కి తిరిగి ఒకసారి చూడమనండి. నాలుగేళ్లలో ఈ రోడ్ల మీద బండ్లు నడిపేది వాళ్లే.