ముందు గైడ్, ఆ తర్వాతే యూనివర్సిటీ

పరవాడలోనో పాశమైలారంలోనో ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ నడుపుతూ, షిఫ్టుల మధ్య రీసెర్చ్ గురించి కలలు కనే బీఎస్సీ, ఎమ్మెస్సీ వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఉద్యోగం వదిలి చదవచ్చా అని అడిగితే, చదవచ్చు అనే నా జవాబు. కాకపోతే దేనికి ఒప్పుకుంటున్నారో ముందే తెలియాలి.

మామూలు ఎమ్మెస్సీలో పరీక్షలు రాస్తూ పోతే రెండేళ్లలో పట్టా వస్తుంది, ప్రాజెక్టు చివర్లో ఒక భాగం మాత్రమే. పరిశోధన మాస్టర్స్‌లో క్లాసులు తక్కువ. ఒక ప్రశ్న పట్టుకుని థీసిస్ రాయాలి, పరీక్షకుల ముందు దాన్ని సమర్థించుకోవాలి. ప్రయోగం మొండికేస్తే గడువు జరుగుతుంది. బ్రోచర్ రెండేళ్లంటే మీరు మూడేళ్లకు ఇంటి ఖర్చు లెక్క వేసుకోండి.

ఎంఫిల్ గురించి ఇంకా అడిగేవాళ్లున్నారు. యూజీసీ 2022 నిబంధనలతో దాన్ని ఆపేసింది. బీఎస్సీ ఉన్నవాళ్లకు మంచి ద్వారం ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్. దానికి వయోపరిమితి లేదు. ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా ఆ స్కోరు ఒక దారి. గణన శాస్త్రాల వైపు మనసుంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఎంఎస్ బై రీసెర్చ్ ఉంది. కెనడా అనుకునేవాళ్లు థీసిస్ ఉన్న ఎమ్మెస్సీని, కోర్సులతో ముగిసే మాస్టర్స్‌ను వేరుగా చూడాలి. మొదటిదాంట్లో మిమ్మల్ని తీసుకునే ప్రొఫెసర్ దొరకడమే సగం అడ్మిషన్. మన మూడేళ్ల బీఎస్సీ అక్కడ చెల్లుతుందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి.

ఎక్కడ చేరినా మీ రెండు మూడేళ్లను నిర్ణయించేది గైడే. మనవాళ్లు ర్యాంకింగులు చూసి కాలేజీ ఎంచుకుని, గైడ్‌ను అదృష్టానికి వదిలేస్తారు. ఇది చాలా ఖరీదైన అలవాటు. ఆ ప్రొఫెసర్ ఈమధ్య ప్రచురించిన రెండు పేపర్లు చదవండి. అర్థం కాని చోటు గురించి ఒక ప్రశ్న, మీ పని గురించి నాలుగు వాక్యాలు రాసి మెయిల్ పంపండి. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై వందమందికి ఒకేలా వెళ్లే ఉత్తరాన్ని ఎవరూ చదవరు. తర్వాత ఆ ల్యాబ్‌లోని సీనియర్లతో మాట్లాడండి. థీసిస్ ఇవ్వడానికి ఎంతకాలం పట్టింది, మధ్యలో ఎందరు వెళ్లిపోయారు, పేపర్లో విద్యార్థి పేరు ఎక్కడ వస్తుంది, స్టైపెండ్ నెలనెలా పడుతుందా? మొహమాటపడకండి, ఇవి మీ జీవితానికి సంబంధించిన ప్రశ్నలు.

ఇంకా అనుమానంగా ఉంటే, తార్నాకలోని ఐఐసీటీ, హబ్సిగూడలోని సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు అసిస్టెంట్, ప్రాజెక్టు అసోసియేట్ పోస్టులకు పడే ప్రకటనలు గమనించండి. కొన్ని నెలలు ల్యాబ్‌లో జీతానికి పనిచేస్తే, ఫలితం రాని వారాలను మీరు భరించగలరో లేదో తెలిసిపోతుంది. సిఫారసు లేఖ రాసే మనిషీ దొరుకుతారు. నా దృష్టిలో ఉద్యోగస్తులకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

మీ అనుభవాన్ని తక్కువ చేసుకోకండి. మెథడ్ వ్యాలిడేషన్ చేసినవాళ్లకు పరికరం మీద పట్టు, చేసింది చేసినట్టు రాసే క్రమశిక్షణ ఉంటాయి. కొత్తగా అలవడాల్సింది ఎస్‌ఓపీ లేని చోట తోవ వెతకడం. ఒక్క జాగ్రత్త: కంపెనీ డేటా ఒక్క క్రొమాటోగ్రామ్ అయినా థీసిస్‌లోకి రాకూడదు. చేరినప్పుడు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం మీరు మానేశాక కూడా వర్తించవచ్చు.

జామ్ దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటాయి. సీట్లు తేలేసరికి వేసవి వస్తుంది. మీ నోటీసు పీరియడ్ మూడు నెలలైతే తరగతులు మొదలయ్యే నాటికి రిలీవింగ్ లెటర్ అందడం కష్టం. అందుకని మీ మేనేజర్‌తో మార్చిలోనే మాట్లాడి ఉంచండి. రాజీనామా మాత్రం సీటు ఖాయమయ్యాకే పెట్టండి.