హినమత్సురి: జపాన్ ఆడపిల్లల బొమ్మల కొలువు

హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. అక్కడ జపనీస్ భాష కూడా నేర్పుతారు. ఆ భాషతోపాటు తెలుసుకోవాల్సిన పండుగ హినమత్సురి. ఏటా మార్చి 3న, ఆడపిల్లల క్షేమం కోరుతూ జరుపుతారు.

మన సంక్రాంతి బొమ్మల కొలువు చూసినవారికి ఇది ఇట్టే గుర్తుండిపోతుంది. ఎర్రగుడ్డ పరిచిన మెట్లపై బొమ్మలు పేరుస్తారు. పూర్తి కొలువుకు 7 మెట్లు, 15 బొమ్మలు: పైమెట్టున చక్రవర్తి దంపతులు, కింద ముగ్గురు చెలికత్తెలు, ఐదుగురు వాద్యకారులు, ఇద్దరు మంత్రులు, ముగ్గురు సేవకులు. పక్కన పీచ్ పూలు; గులాబీ, తెలుపు, ఆకుపచ్చ పొరలతో హిషిమోచి అనే బియ్యపు మిఠాయి. పాప తొలి పండుగకు ఈ బొమ్మలను తరచుగా అమ్మమ్మ, తాతయ్యలే కానుకగా ఇస్తారు.

కొన్ని ఊళ్లలో కాగితపు బొమ్మలను నీటిలో వదులుతారు. కీడు వాటితో కొట్టుకుపోతుందని నమ్మకం. బతుకమ్మనూ నీటిలోనే సాగనంపుతాం కానీ, మన దగ్గర భావం వేరు. తెలంగాణలో పెళ్లికాని ఆడపిల్లల పండుగ ఏదంటే మాత్రం బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు భాద్రపదంలో వస్తుంది.

హినమత్సురితో తికమకపడే మరో జపాన్ పండుగ షిచి-గో-సాన్. అది నవంబర్ 15న. 3, 7 ఏళ్ల ఆడపిల్లలకు కిమోనో తొడిగి గుడికి తీసుకెళ్తారు, దీర్ఘాయుష్షు కోరుతూ చితోసే-అమే అనే పొడవాటి మిఠాయి చేతికిస్తారు.